ఓటమి నెఱిగిన యోధుడు జో లూయిస్

ముష్టియుద్ధ వీరులను గూర్చి బాలురు మాటలాడుకొనునపుడు మొట్టమొదట వచ్చు ప్రశ్న యొక్కటే: అతడెన్నడైన ఓడెనా? ఓడనివాడే గొప్పవాడనియు, ఒక్కమారు ఓడినవాడు ఒక మెట్టు దిగువవాడనియు వారి లెక్క. ఈ లెక్కను జో లూయిస్ జీవితముతో సరిచూడవలెనని నాకు చాలకాలముగా కోరిక. ముష్టియుద్ధము మంచి యాటయని నేను చెప్పజాలను. మనుష్యుడు మనుష్యుని తలమీద కొట్టుట నా కెన్నడును ఇంపు గాలేదు. ఐనను ఈ మనుష్యుని చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

అతడు 1914వ సంవత్సరము మే నెల 13వ తేదీన అమెరికాలోని అలబామా రాష్ట్రమున జన్మించెను. పూర్తి పేరు జోసెఫ్ లూయిస్ బారో. ఆ నల్లజాతి కుటుంబపు పెద్దలు బానిసలుగా నుండినవారు. తలిదండ్రులు పరుల భూమిని పాలికి దున్నుకొని బ్రదికిరి. 1926లో కుటుంబము డెట్రాయిట్ నగరమునకు తరలిపోయెను. వయొలిను నేర్చుకొమ్మని తల్లి యిచ్చిన పైకమును ఈ బాలుడు వ్యాయామశాల రుసుమునకు చెల్లించెనట. ఈ పని మాత్రము మన పిల్లలు అనుకరింపకుందురు గాక! 1932లో అతడు చేసిన మొదటి పోరు ఓటమియే. జానీ మైలరు అను యోధుడు వానిని పలుమారులు నేలగూల్చెను.

1934 జూలై 4వ తేదీన లూయిస్ చికాగోలో వృత్తియోధుడుగా బరిలో దిగెను. జాక్ బ్లాక్‌బర్న్ అను పాత యోధుడు వానికి గురువు. ఆ మీదట వరుసగా గెలుపులే. 1935లో కార్నెరా, బేయర్ అను మాజీ ప్రపంచ విజేత లిరువురును వాని చేత కూలిరి. ఇతనిని ఓడింపగలవాడు లేడని జనులు నమ్మిరి. ఇరువది రెండేండ్ల యువకుడు తానును నమ్మెను. జర్మనీ దేశస్థుడగు మాక్స్ ష్మెలింగుతో పోరు కుదిరినప్పుడు సాధన తగ్గించి గోల్ఫు ఆటలో ప్రొద్దు పుచ్చెను.

ష్మెలింగు మాత్రము లూయిస్ పోరులను శ్రద్ధగా పరిశీలించి, ఎడమచేతితో కొట్టిన పిమ్మట ఆ చేయి క్రిందికి దిగుచున్నదని కనిపెట్టెను. 1936 జూన్ 19వ తేదీన న్యూయార్కులోని యాంకీ స్టేడియములో ఆ సందుగుండ తన కుడిచేతి దెబ్బలను పంపెను. నాలుగవ రౌండులో లూయిస్ పడెను; పండ్రెండవ రౌండులో పడి లేవలేకపోయెను. నల్లవారి పేటలలో జనులు ఏడ్చిరి. జర్మనీలో హిట్లరు పక్షమువారు దీనిని తమ జాతి గొప్పతనమునకు రుజువుగా చాటుకొనిరి.

ఓడని పేరే సర్వస్వమైనచో కథ ఇచ్చటనే ముగియవలెను. కాని రెండు నెలలు గడచునంతలో లూయిస్ మరల బరిలో నిలిచి జాక్ షార్కీని మూడవ రౌండులో పడగొట్టెను. బ్లాక్‌బర్న్ వాని ఎడమచేతి లోపమును దిద్దెను. 1937 జూన్ 22వ తేదీన బ్రాడక్‌తో పోరాడుచు మొదటి రౌండులో తాను నేలకు వచ్చియు, లేచి, ఎనిమిదవ రౌండులో వానిని కూల్చి ప్రపంచ హెవీవెయిట్ విజేత యాయెను. ష్మెలింగును గెలుచువరకు ఆ బిరుదు తనది కాదని లూయిస్ ఎంచెను. సరిగా ఏడాదికి, అదే యాంకీ స్టేడియములో, డెబ్బదివేల జనుల యెదుట వారిరువురును మరల కలిసిరి. ఈ మారు లోపములు వెదకుటకు జర్మను యోధునికి వ్యవధి లేకపోయెను. మూడుమారులు నేలబడెను. పోరు ముగియుటకు పట్టినది 124 సెకండ్లు.

ష్మెలింగును దుర్మార్గునిగా తలపరాదు. అతడు నాజీ పక్షమున చేరలేదు. ఆ సంవత్సరము నవంబరులో యూదులపై దౌర్జన్యము జరిగినప్పుడు ఇద్దరు యూదబాలురను తన బసలో దాచి కాపాడెను.

లూయిస్ 1949 వరకు, పదునొకండు సంవత్సరముల ఎనిమిది నెలలు, విజేతగా నుండి ఇరువదియైదు మారులు బిరుదును నిలుపుకొనెను. 1942లో రెండు పోరుల రాబడిని నౌకాదళ, సైనిక సహాయనిధుల కిచ్చి తాను సామాన్య సిపాయిగా సైన్యమున చేరెను. ధారాళమైన చేయి; లెక్కలు చూచుకొనలేదు. పన్ను బాకీ లక్షల డాలర్లకు పెరిగినందున, విశ్రాంతి తీసికొన్నవాడు మరల బరికి రావలసివచ్చెను. 1950లో ఎజార్డ్ చార్లెస్ చేతిలో ఓడెను. 1951 అక్టోబరు 26వ తేదీన రాకీ మార్సియానో వానిని ఎనిమిదవ రౌండులో త్రాళ్ళ మీదుగా బయట పడగొట్టెను. లూయిస్‌కు ముప్పదియేడేండ్లు, మార్సియానోకు ఇరువదియెనిమిది. గెలిచినవాడే కన్నీరు పెట్టుకొనెనని చెప్పుదురు.

ఈ మార్సియానోయే 49 పోరులలో ఒక్కటైన ఓడక 1956లో విరమించుకొన్నవాడు. అది చిన్న సంగతి యని నేననను. కాని ఆ 49లో లూయిస్ పేరొకటి. ఏ లూయిస్, ఎంత వయస్సువాడు, ఎంత అప్పువాడు అని పట్టికలో వ్రాసియుండదు. 1952లో వాల్కాట్‌తో జరిగిన పోరున మార్సియానో మొదటి రౌండులో పడెను. పండ్రెండు రౌండ్లు ముగియునప్పటికి లెక్కలో వెనుకబడియుండెను. పదుమూడవ రౌండులో కుడిచేతి దెబ్బ యొక్కటి వానిని గట్టెక్కించెను. ఆ దెబ్బ తప్పియుండినచో ఓడనివాడను పేరుండెడిది కాదు. మనుష్యుడు మాత్రము అతడే. లూయిస్ పట్టికలో 66 గెలుపులు, 3 ఓటములు. అందు రెండు అప్పుకొఱకు పడినవి. మొదటిది లేకున్నచో ఆ 124 సెకండ్లు ఉండెడివా యని నా సందేహము.

1954లో ష్మెలింగు అమెరికాకు వచ్చి లూయిస్‌ను వెదకికొని పోయెను. అప్పటినుండి ఇరువురును స్నేహితులై, కష్టకాలమున ష్మెలింగు వానికి ధనసహాయము చేయుచుండెను. లూయిస్ 1981 ఏప్రిల్ 12వ తేదీన లాస్ వేగాస్‌లో మరణించెను. దేశాధ్యక్షుని అనుమతిచే సైనికమర్యాదలతో ఆర్లింగ్టన్ శ్మశానమున పాతిపెట్టిరి. ఆ ఖర్చులో కొంత తొలుత వానిని ఓడించిన జర్మను యోధుడే పెట్టుకొనెను.