థోర్లీఫ్ హౌగ్ చరిత్రము

పరీక్షాపత్రములు దిద్దు ఉపాధ్యాయుఁడు మార్కులు కూడుటలో ఒక్కొకప్పుడు పొరపడును. రావలసినదానికన్న తక్కువ మార్కులు వచ్చిన బాలుఁడు వెంటనే పత్రము చేతఁబట్టుకొని ఉపాధ్యాయునియొద్దకు పరుగెత్తును. ఎక్కువ వచ్చినవాఁడు మాత్రము పత్రమును మడిచి పుస్తకములో దాఁచుకొనును. ఇది లోకస్వభావము. ఇట్టి కూడికపొరపాటే యొకటి ప్రపంచప్రసిద్ధమైన క్రీడలలో జరిగి, 50 సంవత్సరములు మఱుఁగుపడియుండి, తుదకు లాభము పొందినవారి పక్షమువారిచేతనే దిద్దఁబడెను. ఆ పొరపాటువలన పతకము పొందినవాఁడు నార్వే దేశస్థుఁడగు థోర్లీఫ్ హౌగ్. ఆ పతకము లేకున్నను అతఁడు మహావీరుఁడే. అతని చరిత్రము విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియఁదగినది.

నార్వే ఐరోపాఖండమున ఉత్తరపుకొనయందున్న దేశము. మన ప్రాంతమున మంచనఁగా మాఘమాసపు వేకువను పచ్చికపై నిలిచి, ప్రొద్దెక్కఁగానే మాయమగు తడి మాత్రమే. నార్వేయందో, మంచు శీతకాలమంతయు నేలను మోఁకాలిలోఁతునను, కొన్నిచోట్ల నిలువెత్తునను కప్పియుండును. అందు కాలుపెట్టినవాఁడు దిగఁబడిపోవును. కాఁబట్టి అచ్చటివారు పూర్వకాలమునుండియు పొడవైన సన్నని చెక్కలను, ముందుకొన పైకి వంచి, పాదములకు కట్టుకొని, మంచుమీఁద జాఱుచు ప్రయాణము చేయుచుండిరి. ఈ చెక్కలకు స్కీలని పేరు. పొరుగూరికి పోవుటకును, వేఁటాడుటకును, అడవినుండి కట్టెలు తెచ్చుటకును ఇవియే వారికి బండ్లును గుఱ్ఱములును.

ఈ ప్రయాణసాధనము క్రమముగా క్రీడయయ్యెను. టెలిమార్క్ సీమలోని మోర్గెడాల్ అను పల్లెకు చెందిన సోండ్రె నోర్‌హైమ్ అను బీదవాఁడు 1825లో పుట్టినవాఁడు. అతఁడు పాదముయొక్క మడమచుట్టును మెలిపెట్టిన లేఁగొమ్మలతో స్కీని గట్టిగా బంధించు విధమును వాడుకలోనికి తెచ్చెను. దానివలన మనుష్యుఁడు గాలిలోనికి ఎగిరినను చెక్క పాదమును విడువదయ్యెను. 1868లో అతఁడు రాజధానియగు క్రిస్టియానియాకు పోయి, పోటీలో తన నేర్పు చూపి పట్టణవాసులను ఆశ్చర్యపఱచెను. ఆ నగరమే నేఁటి ఓస్లో. 1892 మొదలుకొని ఆ నగరముప్రక్కనున్న హోల్మెన్‌కొల్లెన్ కొండమీఁద జరిగిన పోటీలు ఆ దేశమునకు గొప్ప యుత్సవములయ్యెను.

ఉత్తరదేశములయందు పుట్టినది గనుక ఈ క్రీడకు నార్డిక్ స్కీ క్రీడయని పేరు కలిగెను. ఇది మూఁడు విధములు. మొదటిది, మిట్టపల్లములమీఁదుగా చాలదూరము పోవు పరుగు. రెండవది, ఏటవాలునుండి వేగముగా జాఱివచ్చి, అంచునొద్ద గాలిలోనికి లేచి దుముకుట. మూఁడవది, ఒకఁడే యా రెంటియందును పాల్గొనవలసిన సంయుక్తపోటీ. పరుగునకు ఊపిరియు నోర్పును కావలెను. దుముకుటకు ధైర్యమును నిలుకడయు కావలెను. రెండును గలవాఁడే పూర్ణుఁడని నార్వేవారు తలంచెడివారు.

అట్టివారిలో అగ్రగణ్యుఁడు థోర్లీఫ్ హౌగ్. అతఁడు 1894వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని, డ్రామెన్ పట్టణమునకు సమీపమందలి లియర్ లోయలో జన్మించెను. పెరిగి పెద్దవాఁడై డ్రామెన్ పట్టణపు డ్రాఫ్న్ అను క్రీడాసంఘము పక్షమున పోటీలకు పోవుచుండెను. హోల్మెన్‌కొల్లెన్ నందు 50 కిలోమీటర్ల పరుగును 1918లో తొలిసారి గెలిచెను. మఱల 1919, 1920, 1921, 1923, 1924 సంవత్సరములయందు గెలిచి, మొత్తము ఆఱుసార్లు ప్రథముఁడయ్యెను. అచ్చటి సంయుక్తపోటీని 1919 మొదలు వరుసగా మూఁడేండ్లు గెలిచెను. 1919లోనే హోల్మెన్‌కొల్లెన్ పతకమను గౌరవము అతనికి లభించెను. స్వదేశమున అతనితో సమానుఁడగువాఁడు ఆ కాలమున అరుదు.

ఇఁక దేశదేశములవారు కలిసి పోటీపడుట యెట్లు కలిగెనో తెలిసికొందము. 1901 నుండి స్వీడను రాజధానియగు స్టాక్‌హోమునందు ఉత్తరదేశక్రీడలు జరుగుచుండెను. 1910లో పలుదేశముల స్కీసంఘములవారు క్రిస్టియానియాలో కూడి, నియమములను చర్చించుటకు ఒక మండలిని ఏర్పఱచుకొనిరి. ఒలింపిక్ సంఘమువారు శీతకాలక్రీడలనుకూడ జరుపవలెనని తలఁచినప్పుడు ఉత్తరదేశములవారికి అది యంతగా రుచింపలేదు. తమ ప్రాచీనమైన పోటీలకు దానివలన వన్నె తఱుగునేమో యని వారి భయము. అయినను తుదకు సమ్మతించిరి. 1924వ సంవత్సరము జనవరి 25వ తేదీని ఫ్రాన్సు దేశమందు, మోఁబ్లా పర్వతము క్రిందనున్న షామొని యను ఊర శీతకాలక్రీడావారము ప్రారంభమయ్యెను. 16 దేశములవారు వచ్చిరి. హౌగునకు అప్పటికి 29 సంవత్సరములు.

జనవరి 30వ తేదీని 50 కిలోమీటర్ల పరుగు జరిగెను. ఈ దూరము సుమారు 31 మైళ్లు. హౌగ్ దానిని 3 గంటల 44 నిమిషముల 32 సెకండ్లలో ముగించెను. అనఁగా మంచుమీఁద గంటకు 13 కిలోమీటర్లకు మించి పోయెనన్నమాట. అతని దేశస్థుఁడే యగు స్ట్రోమ్‌స్టాడ్ రెండు నిమిషములలోపలనే వెనుక వచ్చి రెండవవాఁడయ్యెను. మొదటి నాలుగు స్థానములును నార్వేకే దక్కెను. ఫిబ్రవరి 2వ తేదీని 18 కిలోమీటర్ల పరుగు నడచెను. దానినికూడ హౌగ్ 1 గంట 14 నిమిషముల 31 సెకండ్లలో పరుగెత్తి గెలిచెను. సంయుక్తపోటీయందును అతఁడే ప్రథముఁడయ్యెను. ఇట్లు ఒక్క వారములోపల మూఁడు స్వర్ణపతకములు అతని వశమయ్యెను.

రెండవ పరుగు జరిగిన ఫిబ్రవరి 2వ తేదీనే, ఆ యూరనే, మఱియొక ముఖ్యకార్యము నెఱవేఱెను. 14 దేశముల ప్రతినిధులు కూడి అంతర్జాతీయ స్కీసమాఖ్యను స్థాపించిరి. తరువాతి ప్రపంచపోటీలన్నిటిని నడుపుచు వచ్చినది ఆ సమాఖ్యయే.

ఫిబ్రవరి 4వ తేదీని దుముకుడుపోటీ జరిగెను. ఇందు దూరమొక్కటే జయమును నిర్ణయింపదు. దుమికిన దూరమును కొలిచి కొన్ని అంకములు వేయుదురు. గాలిలో దేహమును నిలిపిన తీరును, నేలను తాఁకిన తీరును చూచి న్యాయనిర్ణేతలు మఱికొన్ని అంకములు వేయుదురు. ఈ యంకములన్నియు కాగితముమీఁద లెక్కకట్టిన పిమ్మటఁగాని ఎవఁడు గెలిచెనో తెలియదు. ఆనాఁడు నార్వేవాఁడగు టుల్లిన్ థామ్స్ మొదటివాఁడును, అతని దేశస్థుఁడగు బొన్నా రెండవవాఁడును అయిరి. హౌగునకు 18.000 అంకములు వచ్చినట్లు ప్రకటించి మూఁడవస్థానమును, కాంస్యపతకమును ఇచ్చిరి. నాలుగవవాఁడు అమెరికా సంయుక్తరాష్ట్రముల పక్షమున వచ్చిన ఆండర్స్ హౌగెన్. అతని అంకములు 17.916. అతఁడును పుట్టుకచేత నార్వేవాఁడే. టెలిమార్క్ సీమలో పుట్టి అమెరికాకు వలసపోయినవాఁడు. ఆనాఁటి పోటీలో 50 మీటర్లు దుమికి అందఱికన్న దూరమునఁ బడినవాఁడు అతఁడే. కాని తీరునకు తక్కువ యంకములు వచ్చినందున వెనుకఁబడెను. పతకము లేకయే సముద్రము దాఁటి పోయెను.

హౌగ్ కీర్తితో స్వదేశమునకు మరలెను. 1926లో ఒలింపిక్ సంఘమువారు షామొనిక్రీడలే మొట్టమొదటి శీతకాల ఒలింపిక్ క్రీడలని నిర్ణయించిరి. కావున హౌగ్ పరుగెత్తిన రెండేండ్లకు ఒలింపిక్ విజేతయయ్యెనని చెప్పవచ్చును. స్కీసమాఖ్యవారు జరిపిన పోటీలు 1925లో చెకొస్లొవేకియా దేశపు యొహానిస్‌బాద్ నందు మొదలయ్యెను. ఆ యేఁడు నాలుగుపోటీలను ఆ దేశమువారే గెలిచిరి. ఇవియే తరువాత ప్రపంచ విజేతృత్వపోటీలుగా గణింపఁబడెను. 1926లో ఫిన్లండు దేశపు లాహ్తియందు జరిగినప్పుడు హౌగ్ సంయుక్తపోటీలో రెండవస్థానము పొందెను. మొదటివాఁడు, షామొనిలో అతని వెనుక వచ్చిన గ్రొట్టుమ్స్‌బ్రోటెన్. నిన్న ఓడినవాఁడు నేఁడు గెలుచుట క్రీడాధర్మము.

1934వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీని హౌగ్ ఊపిరితిత్తులవాపుచేత డ్రామెన్ నందు మరణించెను. అప్పటికతనికి 40 సంవత్సరములు. గడ్డకట్టు చలిలో గంటలకొలఁది పరుగెత్తిన యా ఊపిరితిత్తులే రోగమునకు లోఁబడెను. ఆ పట్టణమువారు అతని విగ్రహమును నిలిపి గౌరవించిరి. అతని నాలుగు పతకములు అతని యింటివారియొద్ద నిలిచెను.

పోటీలు మాత్రము నానాఁటికి పెరిగెను. 1933లో ఇన్స్‌బ్రుక్ నందు నలుగురేసి కలిసి పరుగెత్తు పోటీ చేరెను. 1954లో స్వీడను దేశపు ఫాలున్ నందు స్త్రీలకును పరుగుపోటీలు ఏర్పడెను. షామొని సంగతి పాతకథయయ్యెను.

1974లో షామొనిక్రీడలకు 50 సంవత్సరములు నిండెను. వృద్ధులైన నార్వే క్రీడాకారులు నాఁటి సంగతులు తలఁచుకొనిరి. అప్పుడు స్ట్రోమ్‌స్టాడ్, 50 కిలోమీటర్ల పరుగులో హౌగు వెనుకనే వచ్చిన యా మిత్రుఁడు, దుముకుడుపోటీ లెక్క సరికాదని చూపెను. నార్వే క్రీడాచరిత్రకారుఁడగు యాకొబ్ వోగె పాతపత్రములు తీసి అంకములు మఱల లెక్కించెను. కూడికలో తప్పు నిజమని తేలెను. సరిగా లెక్కింపఁగా హౌగు అంకములు హౌగెను అంకములకన్న తక్కువయయ్యెను. మూఁడవస్థానము హౌగెనుదే.

విద్యార్థులారా, ఇచ్చట ఒకింత నిలిచి యోచింపుఁడు. పొరపాటును ఎత్తి చూపినవాఁడు అమెరికావాఁడు కాఁడు. తగవులాడినవాఁడు హౌగెను కాఁడు. తమ దేశపు పతకమొకటి పోవునని తెలిసియు నార్వేవారే నోరు విప్పిరి. హౌగ్ మరణించి 40 ఏండ్లయ్యెను. ఊరకుండిన అడుగువారు లేరు. చనిపోయిన మిత్రుని కీర్తికి మచ్చ తెచ్చుట యేల యని స్ట్రోమ్‌స్టాడ్ మౌనము వహింపవచ్చును. కాని మిత్రుని కీర్తి తప్పులెక్కమీఁద నిలువవలసినంత బలహీనమైనది కాదని అతని చేఁత తెలుపుచున్నది.

ఒలింపిక్ సంఘము ఆ దిద్దుబాటును అంగీకరించెను. ఆ యేఁటి సెప్టెంబరునెలలో ఓస్లోనగరమున ఒక సభ జరిగెను. హౌగెను 85 ఏండ్ల వృద్ధుఁడై వచ్చెను. హౌగుయొక్క కూఁతురు తన తండ్రి కాంస్యపతకమును స్వయముగా అతనికి అందిచ్చెను. తండ్రి జ్ఞాపకచిహ్నమును పరునిచేతిలో పెట్టుట ఏ బిడ్డకైన సులభము కాదు. అయినను ఆమె తండ్రి సొమ్ములో ఏది తండ్రిది, ఏది కాదు అను వివేకమును చూపెను. హౌగెను 1984లో కాలధర్మము నొందెను. ఒలింపిక్ దుముకుడులో పతకము పొందిన అమెరికావాఁడు ఈనాఁటివఱకు అతఁడొక్కఁడే.

2025లో, తొలిపోటీలు జరిగిన నూఱేండ్లకు, ప్రపంచ విజేతృత్వపోటీలు నార్వేయందలి ట్రొండ్‌హైమ్ నందు జరిగెను. నాఁటికి స్త్రీలును దుముకుటయందును, సంయుక్తపోటీయందును పాల్గొనుచుండిరి. ఆ యుత్సవమున ఒక యపకీర్తియు కలిగెను. నార్వే దుముకువారి దుస్తులను జట్టుసిబ్బంది నియమవిరుద్ధముగా మార్చి కుట్టిరని బయటపడెను. పెద్దకొండపోటీలో రెండవస్థానమున నిలిచినవాఁడును మఱియొకఁడును పోటీనుండి తొలఁగింపఁబడిరి. హౌగుకాలమున జరిగినది ఎఱుఁగక జరిగిన తప్పు. ఇది ఎఱిఁగి చేసిన తప్పు. ఒకే దేశమున ఈ రెండును జరిగెను. సత్యసంధత తండ్రితాతలనుండి పొలమువలె సంక్రమించు ఆస్తి కాదనియు, ప్రతితరమువారును దానిని తామే సంపాదించుకొనవలెననియు దీనివలన తెలియుచున్నది.

థోర్లీఫ్ హౌగు పేర నేఁడు నిలిచియున్నవి మూఁడు ఒలింపిక్ పతకములు. మూఁడును స్వర్ణపతకములే, మూఁడును అతఁడు తన కాళ్ల బలముచేత సంపాదించినవే. నాలుగవది పోయినందున అతని పేరు తఱుగలేదు. మిగిలినవానిని గూర్చి సంశయింపవలసిన పని యెవరికిని లేకపోయెను. మన బాలబాలికలు రాఁబోవు పరీక్షయందు పత్రములు చేతికి వచ్చినప్పుడు మార్కులు ఒకసారి తామును కూడి చూచుకొందురుగాక. తక్కువైన వచ్చి అడుగుట మీ హక్కు. ఎక్కువైనను రండు, ఆ దినమున మీరు పోఁగొట్టుకొను రెండు మార్కులకన్న విలువైనదానిని ఇంటికి తీసికొనిపోవుదురు.