దేవసహాయం ఒంటరివాడు కాడు



వడమాలపేట చుట్టుపక్కల పల్లెల్లో కుటుంబాలను చూడబోయినప్పుడు ఒక మాట తరచు నా చెవిన పడుతోంది. ఇంట్లో జపమాల చెప్పుకుంటున్నాం, టీవీలో పూజ చూస్తున్నాం, అప్పుడప్పుడు తిరుపతికి పోయి స్వస్థత కూటాల్లో కూర్చుని వస్తున్నాం, ఇక ఊరి గుడికి రాకపోతే ఏం తక్కువని అడుగుతున్నారు. 2020లో కరోనా వల్ల గుడి తలుపులు మూసినప్పుడు కొందరికి ఇది అలవాటైంది. మరి కొందరి కారణం వేరు. పండుగ చందా దగ్గరో, తేరు ఏ వీధిన పోవాలన్న దగ్గరో మాటామాటా పెరిగింది. నాలుగేళ్ళుగా గుడిమెట్టు ఎక్కని పెద్దాయన ఒకరు మా విచారణలోనే ఉన్నారు. ఆయన భక్తిని నేను శంకించను. నాకన్నా శ్రద్ధగానే ప్రార్థన చేస్తారేమో! ఆయనను తలచుకుంటూనే ఈ వారం పునీత దేవసహాయం జీవితాన్ని మీ ముందుంచుతున్నాను.

నేటి కన్యాకుమారి జిల్లాలోని నట్టాలంలో 1712 ఏప్రిల్ 23న ఆయన జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు నీలకంఠన్. ఆ ప్రాంతం అప్పుడు తిరువాన్కూరు రాజ్యంలో ఉండేది. పేరున్న కుటుంబం, మార్తాండవర్మ మహారాజు కొలువులో ఉద్యోగం. అటువంటి మనిషికి కష్టకాలం వచ్చింది. పశువులు చచ్చాయి, పంటలు పోయాయి. ఎందుకు నాకే ఇలా అని కుమిలిపోసాగారు. వానలు మొహం చాటేసిన ఏడు వేరుశనగ రైతు ముఖం చూసిన మీకు ఆ దిగులు ఎటువంటిదో నేను చెప్పనక్కరలేదు.

ఆయన దిగులును గమనించినవాడు డిలనాయ్ అనే సైనికాధికారి. 1741లో కొళచ్చల్ యుద్ధంలో డచ్చివారి పక్షాన పోరాడి పట్టుబడి, తరువాత రాజుగారి సైన్యానికే శిక్షణ ఇచ్చినవాడు. కథోలికుడు. అతడు తన మిత్రుణ్ణి కూర్చోబెట్టి యోబు కథ చెప్పాడు. సర్వమూ పోగొట్టుకున్నా దేవుణ్ణి విడువని ఆ నీతిమంతుని కథ నీలకంఠన్ హృదయంలో నాటుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనసులో క్రీస్తును నమ్ముకో, ఇంట్లో ప్రార్థించుకో, కొలువు కాపాడుకో అని డిలనాయ్ చెప్పి ఉండవచ్చు. అది తెలివైన సలహాలాగానే ఉంటుంది. అతడు ఆ సలహా ఇవ్వలేదు. రాజ్యం పొలిమేర దాటి వడక్కన్‌కుళంలో ఉన్న యేసుసభ గురువు బుత్తారి స్వామి దగ్గరికి పంపాడు. ఆ గురువు కూడా తొందరపడలేదు. రాజకొలువులో పనిచేసే పెద్దమనిషి వచ్చాడని మురిసిపోయి వెంటనే జ్ఞానస్నానం ఇవ్వలేదు. ఉపదేశం చెప్పారు, వేచి ఉండమన్నారు. 1745 మే 14న ఆ గుడిలో, ఆ ఊరి విశ్వాసుల సమక్షంలో జ్ఞానస్నానం జరిగింది. లాజరు అనే పేరు పెట్టారు. దానినే తమిళంలో దేవసహాయం అన్నారు. తరువాత ఆయన భార్య భార్గవి అమ్మాళ్ కూడా జ్ఞానస్నానం పొందింది. ఆమె పేరు జ్ఞానప్పూ అయింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. దేవసహాయం తన కొత్త సహోదరులతో కలిసి కూర్చున్నారు, కలిసి భోంచేశారు. తక్కువ కులాలన్నవారిని తనతో సమానంగా చూశారు. డిలనాయ్ కథోలికుడని రాజుకు తెలుసు. ఉదయగిరి కోటలో అతడు ప్రార్థనాలయం కట్టుకోవడానికి అడ్డు చెప్పలేదు కూడా. కనుక దీన్ని రెండు మతాల పోరుగా చెప్పడం నాకు సరిగా తోచదు. కొలువులోని పెద్దలు సహించలేనిది ఆ పంక్తి భోజనమే అని నా అభిప్రాయం. క్రీస్తును రహస్యంగా నమ్మి ఉంటే ఆయన ఉద్యోగం పోయేది కాదు. పేదవారి పక్కన కూర్చున్నందుకే పోయింది.

1749 ఫిబ్రవరి 23న ఆయనను బంధించారు. మూడేళ్ళ హింస. ముళ్ళబెత్తాలతో కొట్టి, గాయాలపై కారం చల్లి, దున్నపోతు మీద ఎక్కించి ఊరూరా తిప్పారు. ప్రజలు భయపడి దూరం జరుగుతారని అలా తిప్పారు. జరిగింది వేరు. పెరువిళైలో చెట్టుకు కట్టి ఉంచినప్పుడు జనం ఆయన దగ్గరికే రాసాగారు, తమ కష్టాలు చెప్పుకుని ప్రార్థించమని అడిగారు. చివరకు 1752 జనవరి 14న ఆరల్‌వాయ్‌మొళి దగ్గర కాట్టాడిమలైపై సైనికులు ఆయనను కాల్చి చంపి, శవాన్ని అడవిలో పారేశారు.

ఆ కొండ మీద మరణించినవాడి కథ అక్కడితో ముగిసిపోవలసింది. రాజు శిక్షించిన మనిషి. అతని శవం కోసం వెతకడమూ అపాయమే. అయినా క్రైస్తవులు కొద్దిరోజుల్లోనే ఆ అడవిలోకి వెళ్ళి, మృగాలు తినగా మిగిలిన ఎముకలను ఏరి తెచ్చారు. కోట్టారులోని పునీత ఫ్రాన్సిస్ జేవియర్ దేవాలయంలో పీఠం ఎదుట సమాధి చేశారు. భార్య జ్ఞానప్పూ వడక్కన్‌కుళం చేరి, తనకు జ్ఞానస్నానం ఇచ్చిన ఆ సంఘం మధ్యనే బతికి, అక్కడే కన్నుమూసింది. 1756లో కొచ్చి మేత్రాణులు ఈ మరణాన్ని గురించి రోమునగరానికి నివేదిక పంపారు. ఆ తరువాత ఊరివారే ఆ సమాధిని కనిపెట్టుకుని ఉన్నారు. అవ్వలు మనవలకు చెప్పారు, ఆ మనవలు తమ మనవలకు చెప్పారు. 260 సంవత్సరాల తరువాత, 2012 డిసెంబరు 2న శ్రీసభ ఆయనను ధన్యజీవిగా ప్రకటించింది. 2022 మే 15న జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు ఆయనను పునీతుల జాబితాలో చేర్చారు. భారతదేశంలో పునీత పట్టం పొందిన మొదటి గృహస్థ విశ్వాసి ఆయనే.

ఊరి సంఘమంటే అంతా మంచివారే అని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. దేవసహాయం జ్ఞానస్నానం పొందిన ఆ వడక్కన్‌కుళంలోనే 1870ల్లో క్రైస్తవులు రెండు పాయల గుడి కట్టుకున్నారు. ఒకే పీఠం, రెండు నడవలు, మధ్య గోడ. ఎందుకనుకున్నారు? ఒక కులం వారి కంట మరొక కులం వారు పడకుండా! 20వ శతాబ్ది తొలినాళ్ళలో గురువులే ఆ గోడలు పడగొట్టించారు. పునీతునికి తల్లి వంటి విచారణలోనే అలా జరిగిందంటే, మన పల్లెల్లో సమాధుల తోట దగ్గర జరిగే తగవులను చూసి నేను ఆశ్చర్యపోను. బాధపడతాను, అంతే. దేవసహాయం పేరు చివర ఉండిన కులం మాటను పునీత పట్టానికి ముందే తొలగించారు. ఆ పని పేరు దగ్గర ఆగిపోకూడదు.

అయితే గోడ ఉందని గుడి విడిచిపోయినవారు గోడను పడగొట్టలేదు. లోపల ఉండి బాధపడినవారే పడగొట్టారు. పుత్తూరు కట్టు గురించి ఈ ప్రాంతం వారికి నేను చెప్పాలా? ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డతో బిగిస్తారు. నాలుగు రోజులకే లోపల దురద మొదలవుతుంది. ఓర్చుకోలేక విప్పుకున్నవాడి ఎముక వంకరగా అతుకుతుంది. పక్కింటివాడి గొంతు నచ్చకపోయినా అతని పక్కన నిలబడి పాట పాడటం, మన మీద చాడీలు చెప్పినామె ఇంట చావు జరిగితే పాడె మోయడం, ఇవన్నీ ఆ దురద వంటివే. టీవీ ముందు కూర్చుంటే ఈ బాధ లేదు, నిజమే. కానీ టీవీలో పూజ చేసే ఫాదరుగారు మీకు జ్వరం వస్తే చూడటానికి రాలేరు.

జనవరి 14 పునీత దేవసహాయం పండుగ. మన వైపు సంక్రాంతి సందడిలో అది మరుగున పడిపోతోంది. ఈసారి ఆ సాయంత్రం గుడిలో పూజ, తరువాత అందరికీ ఒకే పంక్తిలో భోజనం పెట్టాలని మా ఉపదేశిగారు, నేను అనుకున్నాం. నేను చెప్పిన ఆ పెద్దాయన ఇంటికి కబురు పంపడం లేదు, నేనే వెళుతున్నాను. ఆయనతో తగవు పడినవారు ఇద్దరున్నారు. నాతో రావడానికి ఒకరు ఒప్పుకున్నారు. రెండవ వారి ఇంటికి రేపు మళ్ళీ వెళ్ళాలి.