తన బొమ్మ వద్దన్న ఆటగాడు – హోనస్ వాగ్నర్



2022 ఆగస్టులో అమెరికాలో ఒక చిన్న అట్టముక్క 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటి మారకం రేటు ప్రకారం మన డబ్బుల్లో సుమారు 57 కోట్ల రూపాయలు. ఆ అట్ట అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగు ఉంటుంది, అంతే. దాని మీద పాపిడి తీసి తల దువ్వుకున్న ఒక మనిషి బొమ్మ, చొక్కా మీద పిట్స్‌బర్గ్ అని ఊరి పేరు ఉంటాయి. వందేళ్ల క్రితం సిగరెట్ పెట్టెలో పెట్టి ఇచ్చిన కార్డు అది. ఆ బొమ్మలోని మనిషి పేరు హోనస్ వాగ్నర్. ఆయన ఒక బొగ్గు గని కార్మికుని కొడుకు. పన్నెండేళ్లకే బడి మానేసి గనిలోకి దిగినవాడు.

కోట్ల ధర పలికే ఆ కార్డు గురించి పత్రికలు చాలా రాశాయి. ఆ మనిషి జీవితం గురించి మన భాషలో రాసింది తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాం.

వాగ్నర్ 1874 ఫిబ్రవరి 24న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ నగరం దగ్గరి ఒక గని ఊళ్లో జన్మించారు. ఆ ఊరికి తర్వాత కార్నెగీ అని పేరు వచ్చింది. తల్లిదండ్రులు బతుకుదెరువు కోసం జర్మనీ నుంచి వలస వచ్చినవారు. వారికి తొమ్మిది మంది పిల్లలు పుడితే బతికింది ఐదుగురే. ఆయన అసలు పేరు యోహానెస్ పీటర్ వాగ్నర్. ఇంట్లో ముద్దుగా పిలిచిన పేరే హోనస్‌గా లోకానికి తెలిసింది.

తండ్రి, అన్నలు గనిలో పనిచేసేవారు. పన్నెండో ఏట హోనస్ కూడా వారి వెంట బొగ్గు ఎత్తడానికి వెళ్లాడు. సరిగ్గా ఆ కాలంలోనే, 1889లో, నిజాం రాజ్యంలోని మన ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. అప్పుడు ఇల్లెందు వరంగల్ జిల్లాలోనే ఉండేది. భూపాలపల్లి, ఇల్లెందు, కొత్తగూడెం వైపు నుంచి వచ్చి మన హాస్టల్లో చదువుకున్నవారికి గని పని అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. రోజంతా నేల కింద పనిచేసి వచ్చి, మొగం కడుక్కుని, అన్నదమ్ములంతా ఖాళీ స్థలంలో బేస్‌బాల్ ఆడేవారు.

బేస్‌బాల్ అంటే తెలియని మిత్రుల కోసం ఒక మాట. అది కూడా మన క్రికెట్ లాగా కర్ర, బంతి ఆటే. విసిరిన బంతిని కొట్టి, వరుసగా మూడు మజిలీలు దాటి మొదటి చోటికి తిరిగి వస్తే ఒక పరుగు. ఆ మజిలీలను బేస్‌లు అంటారు. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడి బంతులు ఆపే ఆటగాణ్ణి షార్ట్‌స్టాప్ అంటారు. చాలా చురుకైనవాడే ఆ చోట నిలబడగలడు.

ఇంట్లో అసలు ఆటగాడు అన్న ఆల్‌బర్ట్ అని అందరూ అనుకునేవారు. 1895లో ఒహాయో రాష్ట్రంలోని స్టూబెన్‌విల్ జట్టుకు మనుషులు కావలసి వస్తే ఆల్‌బర్ట్ తమ్ముడి పేరు చెప్పి పిలిపించాడు. అలా హోనస్‌కు డబ్బులిచ్చే ఆట దొరికింది. ఆల్‌బర్ట్ తర్వాత పెద్ద లీగ్‌లో ఆడింది ఒకే ఒక్క ఏడాది, 1898లో. ఆపైన ఆయన పేరు ఎవరికీ పట్టలేదు. మనలో చాలామంది మన ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం. పదో తరగతితోనో, అంతకు ముందేనో చదువు ఆపి, పనికిపోయి మనకు దారి ఇచ్చిన ఒక అన్నో అక్కో చాలా ఇళ్లలో ఉన్నారు. వాగ్నర్ కథలో ఆల్‌బర్ట్‌ను మరిచిపోవడం మాకు న్యాయంగా అనిపించలేదు.

హోనస్ 1897లో లూయీవిల్ జట్టు తరఫున నేషనల్ లీగ్‌లోకి వచ్చారు. 1900లో ఆ జట్టు యజమానితో పాటే సొంత ఊరి పక్కనున్న పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకు మారి, 1917లో ఆట మానేదాకా అక్కడే ఉన్నారు. మనిషి చూడటానికి ఆటగాడిలా ఉండేవాడు కాదట. వెడల్పాటి ఛాతీ, పొడుగాటి చేతులు, వంకర కాళ్లు. పెద్ద పెద్ద అరచేతులతో బంతితో పాటు మట్టీ గులకరాళ్లూ కూడా ఎత్తి విసిరేవాడని జనం కథలుగా చెప్పుకునేవారు. అయినా ఆటలో మెరుపు. ఎనిమిది సార్లు లీగ్‌లో అత్యుత్తమ బ్యాటింగ్ సగటు ఆయనదే. మొత్తం మీద 3,400కు పైగా హిట్లు కొట్టారు. ప్రత్యర్థుల కన్నుగప్పి 700కు పైగా బేస్‌లు దొంగిలించారు.

1903లో మొదటి వరల్డ్ సిరీస్ జరిగినప్పుడు ఆయన ఆట బాగా దెబ్బతింది. పిట్స్‌బర్గ్ ఓడిపోయింది. విమర్శలు వచ్చాయి. మళ్లీ అవకాశం రావడానికి ఆరేళ్లు పట్టింది. 1909 వరల్డ్ సిరీస్‌లో డెట్రాయిట్ జట్టు మీద ఏడు ఆటల్లో నాలుగు గెలిచి పిట్స్‌బర్గ్ విజేత అయింది. ఆ సిరీస్‌లో వాగ్నర్ ఆరు బేస్‌లు దొంగిలించారు. డెట్రాయిట్ వీరుడు టై కాబ్ ఆయన ముందు తేలిపోయాడు. సరిగ్గా ఆ ఏడాదే ఆ కార్డు కథ మొదలైంది.

ఆ రోజుల్లో సిగరెట్ పెట్టెలు మెత్తగా ఉండి నలిగిపోయేవి. వాటికి బలంగా ఉండటానికి లోపల ఒక అట్ట పెట్టేవారు. ఆ అట్ట మీద బొమ్మ అచ్చేస్తే జనం బొమ్మ కోసమైనా పెట్టె కొంటారని కంపెనీలు కనిపెట్టాయి. మన చిన్నప్పుడు కార్డుల కోసం చిప్స్ ప్యాకెట్లు కొన్నదీ, డబ్ల్యూడబ్ల్యూఈ కార్డులు పందెం పెట్టి ఆడుకున్నదీ గుర్తు తెచ్చుకుంటే ఈ కిటుకు సులువుగా అర్థమవుతుంది. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ ఐదు వందలకు పైగా బేస్‌బాల్ కార్డులు వేసింది. సిగరెట్లు తాగే పెద్దవాళ్ల కోసం వేసినా, వాటి వెంటపడింది పిల్లలే.

వాగ్నర్ అనుమతి తెచ్చిపెడితే పది డాలర్లు ఇస్తామని కంపెనీ పిట్స్‌బర్గ్‌లోని జాన్ గ్రూబర్ అనే క్రీడా విలేకరికి ఆశపెట్టింది. గ్రూబర్ ఆయనకు ఉత్తరం రాశాడు. సిగరెట్ పెట్టెలో తన బొమ్మ వద్దని వాగ్నర్ జవాబిచ్చారు. తన వల్ల గ్రూబర్‌కు పది డాలర్లు పోకూడదని, అంత మొత్తానికి తన సొంత చెక్కు కూడా ఆ ఉత్తరంతో పంపారు. ఈ సంగతి 1912లో ఒక క్రీడా పత్రికలో వచ్చింది. కంపెనీ ఆయన కార్డు అచ్చు ఆపేసింది. అప్పటికే బయటికి వెళ్లినవి కొన్నే. ఈనాడు మిగిలినవి అటూ ఇటుగా అరవై అని అంచనా.

ఆయన ఎందుకు వద్దన్నారు? దీని మీద రెండు వాదనలున్నాయి. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం ఆయనకు ఇష్టం లేదని ఒక వాదన. ఆయన మనవరాలు కూడా ఇదే చెప్పింది. తన బొమ్మతో కంపెనీ డబ్బు చేసుకుంటూ తనకు ఏమీ ఇవ్వకపోవడం నచ్చలేదని ఇంకో వాదన. వాగ్నర్ స్వయంగా పొగాకు నమిలేవారు, చుట్టలు కాల్చేవారు. అంతకు ముందు ఆయన పేరుతో చుట్టలు కూడా అమ్మారు. కాబట్టి ఆయన పొగాకు ముట్టని మహాత్ముడని మేం చెప్పడం లేదు. 1905లో తన సంతకాన్ని బేస్‌బాల్ బ్యాట్ల మీద వేసుకోవడానికి ఒక కంపెనీకి ఒప్పుకున్న మనిషి కూడా ఆయనే. మా దృష్టిలో రెండు వాదనల్లోనూ ఉన్నది ఒకటే. తన బొమ్మ ఎక్కడ ఉండాలో, ఏ సరుకును అమ్మాలో చెప్పే హక్కు తనకే ఉందని ఆయన అనుకున్నారు. బ్యాట్‌కు సరే అన్నారు, సిగరెట్‌కు వద్దన్నారు. చదువు లేని గని కార్మికుడు ఒక మహా కంపెనీకి ఆ మాట చెప్పగలిగాడు. అది ఎంత పెద్ద కంపెనీ అంటే, పొగాకు వ్యాపారమంతా దాని గుప్పిట్లో ఉందని 1911లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ముక్కలు చేయమని తీర్పు చెప్పింది.

అయితే ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఆ ఐదు వందల కార్డుల్లో ఒక్క నల్లజాతి ఆటగాడి బొమ్మ కూడా లేదు. అప్పటి పెద్ద లీగుల్లోకి వారిని రానిచ్చేవారు కాదు. జాన్ హెన్రీ లాయిడ్ అనే గొప్ప షార్ట్‌స్టాప్‌ను జనం నల్ల వాగ్నర్ అని పిలిచేవారు. అలాంటి ఆటగాడికి తన పేరు పెట్టి పిలవడం తనకు గౌరవమని వాగ్నర్ అన్నారు. కానీ లాయిడ్ జీవితమంతా నల్లవారి జట్లలోనే ఆడారు. పెద్ద లీగ్ తలుపు 1947లో జాకీ రాబిన్సన్‌తో గాని తెరుచుకోలేదు. లాయిడ్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 1977లో, ఆయన చనిపోయాక.

మన దేశంలోనూ ఇదే కథ ఉంది. వాగ్నర్ పుట్టిన రెండేళ్లకు, 1876లో ధార్వాడలో పుట్టిన పల్వంకర్ బాలూ దళితుడు. పూనాలో తెల్లదొరల క్రికెట్ క్లబ్బులో మైదానం పని చేస్తూ, వారికి బంతులు వేస్తూ గొప్ప స్పిన్నర్ అయ్యారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశారు. మైదానంలో ఆయన వేసిన బంతిని అందరూ పట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం ఆయనకు బయట, విడిగా మట్టి ముంతలో టీ ఇచ్చారు. హిందూ జట్టుకు కెప్టెన్సీ ఇవ్వలేదు. వాగ్నర్, బాలూ ఇద్దరూ 1955లోనే కన్నుమూశారు. వద్దని చెప్పే అవకాశం వాగ్నర్‌కు ఉంది. బాలూను, లాయిడ్‌ను అడిగేవారే తక్కువ.

ఆట మానేశాక వాగ్నర్ జీవితం సుఖంగా సాగలేదు. 1908లో ఏడాదికి పది వేల డాలర్ల జీతం అందుకున్న మనిషి. పిట్స్‌బర్గ్‌లో ఆయన పేరుతో నడిచిన ఆట సామాన్ల దుకాణం ఆర్థిక మాంద్యంలో దెబ్బతింది. ఇల్లు గడవడం కష్టమైంది. 1933లో పాత జట్టు పైరేట్స్ ఆయన్ను కోచ్‌గా పిలిచి పని ఇచ్చింది. 1951 దాకా కుర్రాళ్లకు ఆట నేర్పుతూ, పాత కథలు చెబుతూ అక్కడే గడిపారు. 1936లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన మొదటి ఐదుగురిలో ఆయన ఒకరు. 1955 ఏప్రిల్‌లో ఆయన విగ్రహాన్ని ఆయన కళ్ల ముందే ఆవిష్కరించారు. ఆ ఏడాది డిసెంబర్ 6న తన ఊరు కార్నెగీలోనే మరణించారు.

ఆయన పోయాక కార్డు ధర పెరుగుతూ పోయింది. 1991లో ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్‌కీ, ఆయన భాగస్వామి కలిసి ఒక కార్డును 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. 2007లో అదే కార్డు 28 లక్షల డాలర్లు పలికింది. 2013లో దాని గుట్టు బయటపడింది. కొత్తగా కనబడాలని దాని అంచులు కత్తిరించానని ఒకప్పుడు దాన్ని అమ్మిన వ్యాపారి ఒప్పుకున్నాడు. 2022 నాటి 72 లక్షల 50 వేల డాలర్లు వేరే కార్డు ధర. ఆ నెలలోనే మికీ మాంటిల్ అనే ఇంకో బేస్‌బాల్ ఆటగాడి 1952 నాటి కార్డు 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. 2025 ఆగస్టులో బాస్కెట్‌బాల్ వీరులు మైకేల్ జోర్డాన్, కోబీ బ్రయంట్ సంతకాలున్న ఒకే కార్డు 1 కోటి 29 లక్షలు దాటింది.

ఈ వేలంపాటల మధ్య మాకు నచ్చిన మనిషి మరొకరున్నారు. జెఫర్సన్ బర్డిక్ సిరక్యూస్ నగరంలో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు. కీళ్ల నొప్పులతో చేతులు వంకర్లు పోతున్నా, తాను పోగుచేసిన 3 లక్షలకు పైగా కార్డులు, కాగితాలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చి, ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని ఆల్బమ్‌లలో అతికించారు. 1963 జనవరిలో చివరి కార్డు అతికించారు. మార్చిలో చనిపోయారు. వాగ్నర్ కార్డు కూడా అందులో ఉంది. దాన్ని ఎవరూ కొనలేరు.

మిత్రులారా! ఈ కథ మనకెందుకు అని మీరు అడగవచ్చు. ఫలితాలు వచ్చిన మర్నాడు హన్మకొండ చౌరస్తాలో నిలబడి చూడండి. ఫ్లెక్సీల నిండా పేద పిల్లల మొగాలే. మన హాస్టల్లో ఉండి, గవర్నమెంటు కాలేజీలో చదివి, లైబ్రరీలో కూర్చుని ర్యాంకు తెచ్చుకున్న ఒక తమ్ముడి ఫొటోను ఒక కోచింగ్ సెంటరు అడగకుండానే తన ఫ్లెక్సీ మీద వేసుకుంది. ఆ తమ్ముడు అక్కడ హాజరైంది రెండు ఉచిత మాక్ టెస్టులకు మాత్రమే. ఆ ఫ్లెక్సీ చూసి ఏ ఊళ్లో ఏ తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఫీజు కట్టిందో మనకు తెలియదు. ఫొటో తీసేయండి అని చెప్పడానికి మేం నలుగురం ఆ తమ్ముడి వెంట వెళ్లాం. రెండు రోజులు తిరిగితే తీశారు.

మన బొమ్మకు కోట్లు రావు. కానీ అది ఏ సరుకును అమ్మాలో, ఎవరి పిల్లల్ని ఏ దుకాణానికి రప్పించాలో చెప్పే హక్కు మనదే. ఈ ఏడాది ర్యాంకులు తెచ్చుకోబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా సంతకం అడిగితే ముందు కాగితం పూర్తిగా చదవాలని, నచ్చకపోతే వద్దని చెప్పాలని, ఒక్కరే చెప్పలేకపోతే మమ్మల్ని పిలవాలని కోరుతున్నాం.