మంచుకొండలెక్కిన మనవాడు: మల్లి మస్తాన్ బాబు

మన డెల్టా వారికి మంచు అనగా రెండే రెండు. ఒకటి ధనుర్మాసంలో తెల్లవారుజామున వరి కుప్పల మీద కురిసే మంచు. రెండవది చేపల లారీల్లో వేసే ఐసు. ఇక కొండ చూడాలంటే బెజవాడ పోవలసిందే. గుడివాడ నుంచి బందరు దాకా నేలంతా బల్లపరుపు, ఎత్తయినదంటే కాలవ గట్టే! ఇటువంటి చోట పుట్టినవారికి మంచు మీది సాహసాలు పరాయివాళ్ళ వ్యవహారంగా తోచడంలో వింత లేదు. మన దేశం తరఫున మొట్టమొదట శీతాకాల ఒలింపిక్సులో (1964, ఇన్స్‌బ్రుక్) పాల్గొన్న జెరెమీ బుజకోవ్‌స్కీ కూడా పోలండు నుంచి వచ్చిన కుటుంబంలోని వాడే.

అటువంటిది, మనలాగే వరి పండే ప్రాంతంలో, మనలాగే రోహిణీ కార్తె ఎండల్లో పెరిగిన ఒక తెలుగువాడు ఏడు ఖండాలలోని ఎత్తయిన శిఖరాలన్నింటినీ ఆరు నెలల లోపున ఎక్కి వచ్చాడంటే ఆ జీవితాన్ని గురించి మనం తెలుసుకోవాలి కదా. ఆయనే మల్లి మస్తాన్ బాబు.

ఆయన 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంగం అనే చిన్న ఊళ్ళో ఓ సామాన్య కుటుంబంలో జన్మించారు. పెన్నానది ఆనకట్ట ఉన్న సంగం అదే. మనకు కృష్ణ ఎలాగో వాళ్ళకు పెన్న అలాగ. చిన్నతనంలో ఊరి బడిలో చదువుకొని, 1985లో విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూలులో చేరారు. ఆ స్కూలులో చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు అనే సైనికాధికారి 1985లోనే ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు కోల్పోయారు. స్కూలులో ఆయన విగ్రహం పెట్టారు. రోజూ కళ్ళబడే ఆ విగ్రహమే మస్తాన్ బాబులో కొండల మీద ఆశ పుట్టించిందంటారు. ఆలోచించండి. కొండమీద చనిపోయినవాడి విగ్రహం చూసి ఏ పిల్లవాడైనా భయపడాలి, ఈయనకు మాత్రం అదే దారి చూపించింది.

చదువులో కూడా ఆయన సామాన్యుడు కాదు. జంషెడ్‌పూర్ రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఎం.టెక్., ఆ పైన మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తర్వాత కలకత్తా ఐ.ఐ.ఎం.లో 2004లో పట్టా. మన ఇళ్ళల్లో ఇందులో ఒక్కటి దక్కినా ఊరంతా స్వీట్లు పంచుతారు. అన్నీ చేతిలో ఉన్న మనిషి కొండల బాట పట్టారు.

2006వ సంవత్సరం ఆయన జీవితంలో ముఖ్యమైనది. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరం (4,892 మీటర్లు) ఎక్కారు. ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలోని అకొంకాగువా (6,961 మీటర్లు). మార్చి 15న ఆఫ్రికాలోని కిలిమంజారో (5,895 మీటర్లు). ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కోజియాస్కో (2,228 మీటర్లు). మే 21న ఎవరెస్టు (8,848 మీటర్లు). జూన్ 13న యూరప్‌లోని ఎల్‌బ్రస్ (5,642 మీటర్లు). జూలై 10న అలాస్కాలోని డెనాలి (6,190 మీటర్లు). మొదటి శిఖరం నుంచి చివరి శిఖరానికి సరిగ్గా 172 రోజులు. ఇంత తక్కువ కాలంలో ఏడూ పూర్తిచేయడం ఆనాటికి రికార్డు. తర్వాత దాన్ని తగ్గించినవారున్నారు, అది వేరే సంగతి. ఏడు శిఖరాలను మొట్టమొదట పూర్తిచేసిన అమెరికన్ డిక్ బాస్‌కు ఆ పని 1985లో గాని ముగియలేదు.

ఇంకో చమత్కారం చూడండి. పాత క్యాలెండరు దొరికితే పై తేదీలకు వారాలు లెక్కేసుకోండి. వరసగా గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం. ఏడు ఖండాలు, ఏడు కొండలు, ఏడు వారాలు! ఒక్క వారం కూడా రెండోసారి రాలేదు. ఏడుకొండలవాడి రాష్ట్రంలో పుట్టినందుకు ఈ లెక్క భలే కుదిరింది.

సైన్సు విద్యార్థిగా నాకు ఆసక్తి కలిగించేది మరొకటి ఉంది. పైకి పోయే కొద్దీ ప్రతి కిలోమీటరుకూ ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఎవరెస్టు మీద గాలి పీడనం మన దగ్గర ఉన్నదాంట్లో మూడో వంతు మాత్రమే. నీళ్ళు 70 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అక్కడ మామూలు గిన్నెలో ఎసరు పెడితే అన్నం సరిగా ఉడకదు. ఊపిరితిత్తులకందే ఆక్సిజన్ తగ్గడం వల్ల శరీరం ఎర్ర రక్తకణాలను పెంచుకోవాలి, దానికి వారాలు పడుతుంది. అందుకే కొండ ఎక్కేవారు కొంత ఎక్కి, కొంత దిగి, మళ్ళీ ఎక్కుతూ ఒంటిని అలవాటు చేస్తారు. డెనాలి ఎవరెస్టు కంటే పొట్టిదే గాని ధ్రువానికి దగ్గర కావడం వల్ల అక్కడ గాలి ఆ ఎత్తుకు ఉండవలసినంత కూడా ఉండదు. సముద్రమట్టంలో పుట్టిన ఒళ్ళు ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి తట్టుకున్నదంటే అది మొండి ధైర్యం కాదు, ఏళ్ళ తరబడి చేసిన సాధన.

ఆయన చివరి యాత్ర దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలకు. 2015 మార్చి 24న, అర్జెంటీనా చిలీ సరిహద్దులోని 6,749 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరం మీదికి ఒంటరిగా బయలుదేరారు. వాతావరణం పాడయింది. కబురు తెగిపోయింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న స్నేహితులు కదిలారు, రెండు దేశాల వాళ్ళు గాలించారు. ఏప్రిల్ 3న ఆయన మృతదేహం కనిపించింది. అప్పటికి ఆయన వయస్సు 40 సంవత్సరాలు. ఏప్రిల్ 25న సొంత ఊళ్ళో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఇక్కడ మన ఇళ్ళల్లో అడిగే ప్రశ్న ఒకటుంది. అంత చదువు చదివి, కన్నవాళ్ళను విడిచి కొండలెక్కితే ఏమొచ్చింది? ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. పొలం మీద అప్పు తెచ్చి చదివించే తండ్రికి అలా అడిగే హక్కుంది. ఒంటరిగా వెళ్ళడం ప్రమాదమన్నది కూడా నిజమే. పక్కన ఒక్క మనిషి ఉంటే ఏమయ్యేదో అన్న బాధ ఆయన అభిమానులందరికీ ఉంటుంది. ఆ విషయంలో ఆయనను అనుసరించమని నేను అనను.

కాని రైతుబిడ్డగా నాకు తోచేది ఒకటుంది. తుఫాను వస్తుందని తెలిసీ ప్రతి సార్వాకూ నారు పోస్తున్నాం. 1977లో దివిసీమను ఉప్పెన ముంచినా బతికినవాళ్ళు మళ్ళీ ఆ నేలనే దున్నుకున్నారు. ఫలితం చేతిలో లేదని తెలిసీ పనికి దిగడం మన రక్తంలో ఉన్నదే. మస్తాన్ బాబు ఆ గుణాన్నే పొలం నుంచి మంచు మీదికి తీసుకుపోయారు. మనకది రాదు, మనవల్ల కాదు అనే మాటను అబద్ధం చేశారు. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, ఆమెతో సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సంక్షేమ గురుకులాల్లో చదువుకున్న తెలుగు పిల్లలే. ఇప్పుడు ఇది ఒక్కడి కథ కాదు.

మిత్రులారా! డార్జిలింగులోను, ఉత్తరకాశిలోను పర్వతారోహణ నేర్పే సంస్థలున్నాయి. ఎన్.సి.సి. ద్వారా మనబోటివాళ్ళు అక్కడికి వెళ్ళే అవకాశం కూడా ఉంది. అందరూ ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. మన కాలేజీ నుంచి ఒక్కరైనా వెళ్ళి, పద్ధతిగా నేర్చుకొని, క్షేమంగా తిరిగివచ్చి, వచ్చే సంవత్సరపు సంచికలో మంచు ఎలా ఉంటుందో రాస్తే చదవాలని నా కోరిక.