ఎఱ్ఱ గుడారము

విమానము నుండి పారాషూటు కట్టుకొని దూకువారు తమ పరికరములకు రంగు ఎన్నుకొనునపుడు అందమును మాత్రమే చూడరు. తెల్లని పారాషూటు మేఘములలో కలిసిపోవును. లేత నీలిది ఆకాశములో కరగిపోవును. ఆకుపచ్చనిది అడవిలో దిగినచో వెదకువారి కంటికి ఆనదు. పదిమంది ఒకేసారి దూకినపుడు ఒకరినొకరు దూరమునుండియే గుర్తింపలేకపోయినచో గాలిలో ఢీకొను ప్రమాదము కలదు. ఆపత్సమయమున లాగవలసిన పిడి సైతము దుస్తుల రంగునకు భిన్నముగా నుండవలెను. చేతితో తడుముకొనుటకు వ్యవధి లేని క్షణమున కన్ను దానిని ఒక్క చూపులో పట్టుకొనవలెను గదా! ఈ విషయము నేడు ఆ విద్య నేర్చువారి కందరకు మొదటి పాఠములలో నొకటి. 1928వ సంవత్సరమున ఉత్తర ధ్రువసముద్రపు మంచుగడ్డమీద తొమ్మండుగురు మనుష్యులు, ఒక చిన్న కుక్క చిక్కుకొనిపోయినపుడు, ఆకాశమునుండి కనబడుట యన నేమో, కనబడకపోవుట యన నేమో వారికి అనుభవముచే తెలియవచ్చెను. వారి నాయకుని పేరు ఉంబెర్టో నోబిలే.

నోబిలే 1885వ సంవత్సరము జనవరి 21వ తేదీన దక్షిణ ఇటలీలోని లౌరో అను చిన్న పట్టణమున జన్మించెను. నేపుల్స్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, మొదట రైలుమార్గములకు విద్యుచ్ఛక్తి నమర్చు పనిలో చేరెను. మొదటి ప్రపంచయుద్ధము వచ్చినపుడు సైన్యమున చేరగోరెను గాని, దేహదారుఢ్యము చాలదని అధికారులు త్రిప్పి పంపిరి. యుద్ధరంగమునకు పనికిరాడనిపించుకొన్న ఆ సన్నని మనిషి ఆకాశనౌకలను నిర్మించు కర్మాగారమున చేరి, అచిరకాలముననే ఆ శాస్త్రమున ప్రవీణుడయ్యెను. ఆకాశనౌక యనగా రెక్కల విమానము కాదు. గాలికంటె తేలికయైన హైడ్రోజన్ వాయువుతో నింపిన పెద్ద సంచి. దాని క్రింద మనుష్యులు కూర్చుండు గది, ప్రక్కల ఇంజనులు. నోబిలే నిర్మించిన నౌకలకు అడుగున లోహపు వెన్నెముక వంటి కట్టు ఉండెడిది.

దక్షిణ ధ్రువమును మొట్టమొదట చేరిన నార్వే దేశీయుడు రోల్డ్ అముండ్సెన్, ఆకాశమార్గమున ఉత్తర ధ్రువమును దాటదలచి, నోబిలే నిర్మించిన నౌకను కోరెను. దానికి నార్జ్ అని పేరు పెట్టిరి. నడపినవాడు నోబిలేయే. 1926 మే 11వ తేదీన స్పిట్స్‌బెర్గెన్ ద్వీపమునుండి బయలుదేరి, 12వ తేదీన ధ్రువముపై పయనించి, 14వ తేదీన వారు అలాస్కాలో దిగిరి. ఇంత గొప్ప కార్యము చేసినవారు స్నేహితులై విడిపోలేదు. కీర్తి ఎవరిదన్న వాదము అముండ్సెన్‌కును నోబిలేకును మధ్య గోడవలె లేచెను. ఈ వైరమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

రెండేండ్ల పిమ్మట నోబిలే, ఇటాలియా అను మఱియొక నౌకతో స్వయముగా యాత్ర సాగించెను. ఈ మారు ధ్రువప్రాంతమును శాస్త్రీయముగ పరిశోధింపవలెనని ఆయన సంకల్పము. నౌకలోని వస్తువులలో ఎఱ్ఱని రంగునీరు నింపిన గాజుబంతులు కొన్ని యుండెను. అవి వినోదమునకు కావు. నౌక యెంత యెత్తున నున్నదో చెప్పు యంత్రము గాలి ఒత్తిడిపై ఆధారపడి పనిచేయును. వాతావరణము మారిన కొలది ఆ ఒత్తిడి మారును. యంత్రము తప్పు చెప్పును. అందుచే ఒక బంతిని క్రిందికి విడిచి, అది మంచును తాకువరకు పట్టిన కాలమును గడియారముతో కొలిచెడివారు. గాలి అడ్డును లెక్కింపనిచో 5 సెకండ్లలో వస్తువు సుమారు 120 మీటర్లు పడును. ఈ విధముగా ఎత్తు తెలియును. వట్టి గాజుబంతి తెల్లని మంచుమీద పగిలినచో పైనున్నవాని కంటికి ఏమియు తెలియదు. ఎఱ్ఱరంగు చిమ్మినచో ఆ క్షణము స్పష్టముగా కనబడును.

1928 మే 23వ తేదీ తెల్లవారుజామున పదునార్గురు మనుష్యులతోను, టిటీనా అను నోబిలే పెంపుడు కుక్కతోను ఇటాలియా బయలుదేరెను. 24వ తేదీ అర్ధరాత్రి దాటిన కొలదిసేపటికి ధ్రువముపై నిలిచెను. తిరుగు ప్రయాణమున ఎదురుగాలి, పొగమంచు నౌకను పట్టుకొనెను. 25వ తేదీ ఉదయము పదిన్నర ప్రాంతమున, వెనుక భాగము బరువెక్కి, నౌక వేగముగా దిగజారి మంచుగడ్డను ఢీకొనెను. క్రింది గది పగిలి పదుగురు మంచుపై పడిరి. వారిలో ఒకడు అప్పుడే మరణించెను. బరువు తగ్గిన సంచి తక్కిన ఆర్గురితో మరల పైకి లేచి, గాలికి కొట్టుకొనిపోయెను. ఆ ఆర్గురి జాడ నేటివరకు తెలియలేదు.

నోబిలేకు చేయి, కాలు విరిగెను. చెకియోనీ అను మెకానిక్కుకు కూడ కాలు విరిగెను. అదృష్టవశమున గదితోపాటు కొంత ఆహారము, ఒక చిన్న రేడియో యంత్రము, నలుగురికి మాత్రమే సరిపోవు ఒక గుడారము మంచుపై పడెను. ఆ గుడారములోనే తొమ్మండుగురును తలదాచుకొనిరి. కన్ను చూచినంత మేర మంచు, మంచుగుట్టలు, నడుమ నడుమ నల్లని నీటి చీలికలు. వెదకుటకు ఎవరైన వచ్చినను, ఆ తెల్లని బయలులో చిన్న గుడారము పత్తిచేనిలో వ్రాలిన కొంగవలె నుండును. అపుడు పగలక మిగిలిన గాజుబంతులు వారికి జ్ఞప్తికి వచ్చెను. వానిలోని రంగుతో గుడారముపై ఎఱ్ఱని చారలు పూసిరి. ఎత్తును కొలుచుటకు తెచ్చిన రంగు ఈ విధముగా ప్రాణములకు ఆధారమయ్యెను.

ఎరుపునే ఏల పూయవలె ననవచ్చును. నలుపు తెలుపుపై బాగుగా కనబడునుగదా! నిజమే. కాని ధ్రువసముద్రమున నలుపునకు కొదువ లేదు. ప్రతి నీటి చీలికయు నల్లగనే యుండును, ప్రతి మంచుగుట్టకును నీడ యుండును. పైనుండి చూచు విమానికునకు నల్లచుక్కలు వేలకొలది కనబడును. ఎరుపు మాత్రము అచట సహజముగా నుండునది కాదు. ఎరుపునకు ఒక లోపము కలదు. వెలుతురు తగ్గినచో మన కన్ను దానిని నలుపుగానే చూచును. వేసవి గనుకను, సూర్యుడచట రాత్రి సైతము అస్తమింపడు గనుకను, ఈ లోపము వారిని బాధింపలేదు. అయితే ఆ సూర్యుడే వేరొక అపకారము చేసెను. రేయింబవళ్ళు కాయు ఎండకు ఆ రంగు కొన్ని దినములలోనే వెలిసిపోసాగెను.

రేడియో నడపు బియాజీ దినదినము సహాయమును కోరుచు సంకేతములు పంపుచుండెను. స్పిట్స్‌బెర్గెన్‌లో నిలిచియున్న వారి సొంత నౌక వానిని వినలేదు. జూన్ 3వ తేదీన ఉత్తర రష్యాలోని ఒక పల్లెలో నికోలాయ్ ష్మిట్ అను యువకుడు తాను స్వయముగా చేసికొన్న రేడియోలో వినెను! నాటినుండి పెక్కు దేశముల నౌకలు, విమానములు వెదకుటకు బయలుదేరెను. అంతకు ముందే ముగ్గురు, వాతావరణ శాస్త్రజ్ఞుడైన మాల్మ్‌గ్రెన్‌తో సహా, కాలినడకన తీరమును చేరుటకు పోయియుండిరి. గుడారమున ఆర్గురు మిగిలిరి.

జూన్ 17వ తేదీన నార్వే విమానములు రెండు వారికి కొలది మైళ్ళ దూరమున కనబడెను. మంచుపైనున్నవారు చేతులూపిరి, కేకలు వేసిరి. విమానములు వెనుదిరిగి పోయెను. క్రిందివానికి విమానము కనబడినంత మాత్రమున విమానికునకు క్రిందివాడు కనబడునని తలచుట పొరపాటు. విమానము నిర్మలమైన ఆకాశమున ఒంటిగా నుండును. మనిషి కోటి మచ్చల నడుమ ఒక మచ్చ. ఆనాడు ఆ ఆర్గురి మనస్సు ఎట్లుండెనో ఊహించుకొనవలసినదే.

మూడు దినములకు మద్దలేనా అను ఇటలీ విమానికుడు వచ్చెను. ఈ మారు గుడారమునుండి బియాజీ రేడియోద్వారా కుడికి, ఎడమకు తిరుగుమని దారి చెప్పెను. మద్దలేనా గుడారముమీదుగా ఎగిరి, చూచి, మరల తిరిగి వచ్చునంతలో దానిని పోగొట్టుకొనెను. తిరిగి కనుగొనుటకు మరల రేడియో సహాయము కావలసివచ్చెను. రంగు ఒక్కటియే చాలదు, రేడియో ఒక్కటియే చాలదు. రేడియో విమానమును దగ్గరకు తెచ్చెను. దగ్గరకు వచ్చిన కంటికి రంగు గుఱుతు చూపెను. ఆనాడు ఆహారము, వస్త్రములు మంచుపై జారవిడువబడెను.

జూన్ 23వ తేదీ రాత్రి లుండ్‌బోర్గ్ అను స్వీడన్ విమానికుడు మంచుపై సాహసముతో దిగెను. అతని విమానమున ఒక్కనికి మాత్రమే చోటు. నోబిలే తన కంటె ముందు చెకియోనీని కొనిపొమ్మని కోరెను. లుండ్‌బోర్గ్ ఒప్పుకొనలేదు. భారీ దేహము గల చెకియోనీని మోయుట కష్టమనియు, నాయకుడు ముందు వచ్చినచో వెదకు పనిని నడపగలడనియు పట్టుబట్టెను. అనుచరులును పొమ్మనిరి. నోబిలే టిటీనాతో సహా విమానమెక్కెను. ఆ ఒక్క అడుగు ఆయన జీవితమున తీరని మచ్చయయ్యెను. కప్తాను చివర నౌకను విడువవలెనను నియమమును ఆయన ఎరుగడా? ఎరుగును. విరిగిన కాలితో, నెల దినములు మంచుపై నుండి, ఇతరుల మేలుకొరకని నమ్మి చేసిన నిర్ణయమును వెచ్చని గదులలో కూర్చున్నవారు తీర్పు తీర్చిరి. నౌకను చేరిన పిమ్మట వెదకు పనిని నడపుటకు ఆయనను సాగనీయలేదు. లుండ్‌బోర్గ్ రెండవ మారు వచ్చి దిగునపుడు విమానము తలక్రిందులయ్యెను. రక్షింపవచ్చినవాడే జూలై 6వ తేదీవరకు బందీయయ్యెను.

జూలై 12వ తేదీన, ప్రమాదము జరిగిన 48 దినములకు, క్రాసిన్ అను రష్యా నౌక మంచును చీల్చుకొనుచు వచ్చి, కాలినడకన పోయినవారిలో మిగిలిన ఇద్దరిని, గుడారములోని ఐదుగురిని రక్షించెను. మాల్మ్‌గ్రెన్ నడువలేక దారిలోనే మంచుపై నిలిచిపోయి మరణించియుండెను. వేరొక విషాదమును గలదు. నోబిలే ఆపదలో నున్నాడని విన్నంతనే పాతవైరమును మరచి అముండ్సెన్ జూన్ 18వ తేదీన ఐదుగురితో ఒక విమానమెక్కెను. ఆ విమానము తిరిగి రాలేదు. కొంతకాలమునకు దాని తేలుపలక యొకటి మాత్రము సముద్రమున దొరకెను.

1929లో విచారణ సంఘము తప్పంతయు నోబిలేపై మోపెను. ఆయన వాయుసేన పదవికి రాజీనామా చేసెను. 1931లో మాలిగిన్ అను రష్యా నౌకపై మరల ధ్రువసముద్రమునకు పోయెను. పిమ్మట కొన్నేండ్లు రష్యాలో ఆకాశనౌకలు నిర్మించుటకు తోడ్పడెను. కొంతకాలము అమెరికాలో బోధించెను. యుద్ధానంతరము 1945లో ఇటలీ ప్రభుత్వము ఆయనపై నిందను తొలగించి పదవిని మరల ఇచ్చెను. 1946లో రాజ్యాంగ నిర్మాణ సభకు ఎన్నికయ్యెను. తాను చదివిన నేపుల్స్ విశ్వవిద్యాలయముననే ఉపాధ్యాయుడై, ఇటాలియా కథను గూర్చి గ్రంథములు వ్రాసెను. నింద తొలగినను ఆయన ఆ కథను చెప్పుట మానలేదు.

1978 జూలై 30వ తేదీన, 93 ఏండ్ల వయస్సున, నోబిలే రోము నగరమున మరణించెను. ఎండకు వెలిసినను ఎఱ్ఱ గుడారమను పేరు మాత్రము పోగొట్టుకొనని ఆ గుడారము మిలాన్ నగరములోని శాస్త్ర ప్రదర్శనశాలయందు భద్రపరుపబడి యున్నది.