గుండెను మళ్లీ కొట్టించిన ఇంజనీరు

తడి చేతులతో మోటారు స్విచ్చి ముట్టుకోవద్దని వార్డెను సారు ఎందుకంత కేకలేస్తారో ఈ జీవితకథ చదివితే తెలుస్తుంది. ఇది కరెంటు షాకుతో మొదలైన కథ. ఇందులోని పెద్దమనిషి పేరు పలకడం కొంచెం కష్టమే. విలియం కౌవెన్‌హోవెన్.

ఈయన 1886 జనవరి 13న అమెరికా దేశంలో అప్పట్లో న్యూయార్కు పక్కనున్న బ్రూక్లిన్‌లో పుట్టారు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివారు. జర్మనీ వెళ్లి 1913లో డాక్టరేటు తెచ్చుకున్నారు. డాక్టరేటు అంటే సూదిమందు వేసే డాక్టరు అనుకునేరు! కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. 1914లో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పంతులుగా చేరి, తరువాత ఇంజనీరింగు కళాశాలకే పెద్ద అయ్యారు.

ఆ రోజుల్లో అమెరికాలో ఊరూరా కరెంటు స్తంభాలు వేస్తున్నారు. లైన్‌మెన్లు చాలామంది షాకు తగిలి చనిపోతున్నారు. కొందరి ఒంటి మీద పెద్ద గాయం కూడా ఉండేది కాదు. కరెంటు కంపెనీల వాళ్లు దిగులుపడి, షాకుకి మనిషి ఎందుకు చస్తాడో తేల్చమని పరిశోధనకు సాయం చేశారు. అలా 1928లో కౌవెన్‌హోవెన్ డాక్టర్లతో కలిసి పని మొదలుపెట్టారు.

సంగతేమిటంటే, కరెంటు తగిలితే గుండె ఒక్కోసారి ఉన్నపళంగా ఆగిపోదు. వణుకుతుంది. గుండె కండరంలో ఏ పోగుకాపోగు తన ఇష్టం వచ్చినట్టు అదురుతుంటే రక్తం ముందుకు పోదు. నాలుగైదు నిమిషాలు అలా గడిస్తే మెదడు చెడిపోవడం మొదలవుతుంది. వీళ్లు ముందు ఎలుకల మీద, తరువాత కుక్కల మీద పరీక్షలు చేశారు. మత్తిచ్చిన కుక్కకు షాకిచ్చి గుండెను వణికించేవారు, మళ్లీ దాన్ని ఎలా ఆపాలా అని చూసేవారు. రెండోసారి ఇంకో షాకిస్తే వణుకు ఆగి గుండె మామూలుగా కొట్టుకుంటోంది! చంపే కరెంటే బతికిస్తోందన్నమాట. అసలు ఈ సంగతి 1899లోనే జెనీవా నగరంలో ఇద్దరు కుక్కల మీద చూశారు గాని లోకం పట్టించుకోలేదు.

ఈ పరీక్షల్లో కుక్కలు చాలా చచ్చిపోయాయి. నాకైతే అక్కడ చదువుతుంటే కష్టంగానే అనిపించింది. మన వెంట అడవికొచ్చే కుక్కలు గుర్తొచ్చాయి. కాని ఆ పరీక్ష మనిషి మీద చేసే వీలు లేదు గదా.

మనుషుల సంగతి చూస్తే, గుండె ఆగినప్పుడు డాక్టర్లు రొమ్ము కోసి గుండెను చేత్తో పిసికేవారు. 1947లో క్లీవ్‌లాండులో క్లాడ్ బెక్ అనే డాక్టరు, అలా రొమ్ము తెరిచి గుండెకే షాకిచ్చి 14 ఏళ్ల కుర్రాణ్ణి బతికించాడు. మరి రోడ్డు మీద పడినవాడి రొమ్ము ఎవరు కోస్తారు? కోయకుండా పైనుంచే షాకివ్వాలని కౌవెన్‌హోవెన్ పట్టుదల. 1954లో రిటైరయ్యాక కూడా ఇంట్లో కూర్చోలేదు. రోజూ ఆస్పత్రి ప్రయోగశాలకే వచ్చేవారు. 1957 నాటికి మిషను తయారైంది. కాని మహా బరువు, చక్రాల బండి మీద తోసుకుపోవాలి.

అసలు విశేషం 1958లో జరిగింది. ఆయన దగ్గర గై నికర్‌బాకర్ అనే కుర్ర ఇంజనీరు ఉండేవాడు. షాకివ్వడానికి కుక్క రొమ్ము మీద బరువైన రేకులు ఆనించి నొక్కుతున్నాడు. ఇంకా స్విచ్చి వేయనేలేదు. అయినా రక్తపోటు చూపే గీత చిన్నగా పైకి లేచింది! ఇంకొకరైతే మిషను తప్పు చూపిందనుకుని వదిలేసేవాళ్లే. ఈయన వదల్లేదు. మళ్లీ నొక్కాడు, మళ్లీ లేచింది. నొక్కితే రక్తం కదులుతోంది!

తరువాత ఒకసారి ఒక కుక్క గుండె అనుకోకుండా వణకడం మొదలుపెట్టింది. మిషనేమో వేరే అంతస్తులో ఉంది. అది వచ్చేదాకా సుమారు 20 నిమిషాలు రొమ్ము నొక్కుతూనే ఉన్నారు. మిషను వచ్చాక షాకిస్తే ఆ కుక్క గుండె మళ్లీ కొట్టుకుంది. జేమ్స్ జూడ్ అనే సర్జను ఇది మనుషులకూ పనికొస్తుందని గ్రహించాడు. ముగ్గురూ కూర్చుని కుక్కల మీదే ఎక్కడ నొక్కాలి, ఎంత లోతు, నిమిషానికి ఎన్నిసార్లు అని ఒక్కొక్కటే తేల్చారు. ఎక్కువ నొక్కితే పక్కటెముకలు విరుగుతాయి, తక్కువైతే రక్తం కదలదు. 1959లో ఆస్పత్రిలో మత్తిచ్చినప్పుడు గుండె ఆగిన ఒక స్త్రీకి జూడ్ అలాగే నొక్కితే ఆమె బతికింది. రొమ్ము మీద కత్తిగాటు కూడా లేదు.

1960 జూలైలో ముగ్గురూ వైద్య పత్రికలో రాశారు. 20 మందికి చేస్తే 14 మంది బతికారు. వాళ్లంతా ఆస్పత్రిలో ఉన్నవాళ్లే, బయట పడిపోయినవాళ్లలో ఇంతమంది బతకరు. అదే బాల్టిమోరులో పీటర్ సఫార్ అనే డాక్టరు నోటితో ఊపిరి ఊదే పద్ధతిని నిరూపించాడు. ఆ రెండూ కలిపిందే ఇప్పుడు సి.పి.ఆర్. అంటున్నది. అప్పట్లో నిమిషానికి 60 సార్లు నొక్కమన్నారు. ఇప్పుడు పెద్దవాళ్లకైతే రొమ్ము మధ్య ఎముక కింది సగం మీద రెండు చేతులూ పెట్టి, 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కమంటున్నారు. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు 108కి ఫోను చేయాలి. షాకు తగిలినవాణ్ణి ముట్టుకునే ముందు మెయిను ఆపాలి, లేకపోతే మనమూ పక్కనే పడతాం!

జూడ్, నికర్‌బాకర్ వయసులో చాలా చిన్నవాళ్లు. నొక్కితే రక్తం కదిలిందని మొదట కనిపెట్టింది నికర్‌బాకరే. కాని పేరు ఎక్కువగా పెద్దాయనకే వచ్చింది. అది నాకు కొంచెం అన్యాయంగా తోచింది. అయితే 30 ఏళ్లు ఒక్క ప్రశ్ననే పట్టుకుని ఆ ప్రయోగశాలను నడిపింది మాత్రం ఆయనే.

1969లో, 83 ఏళ్ల వయసులో, జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు ఆయనకు గౌరవ వైద్య పట్టా ఇచ్చారు. అలా వైర్ల ఇంజనీరు నిజంగానే డాక్టరయ్యారు. 1975 నవంబరు 10న చనిపోయారు.