పాల్కురికి సోమనాథుడు

కాకతీయుల కాలమున, నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి గ్రామమున పాల్కురికి సోమనాథ మహాకవి వెలసెను. సంస్కృతాంధ్ర కర్ణాట భాషలలో ఆయన గొప్ప పండితుడు, వీరశైవ భక్తుడు.

బసవేశ్వరుని చరిత్రమును లోకమునకు వినిపింపవలెనని ఆయన సంకల్పించెను. కాని వినువారందరు నొక్కతీరువారు కారు. పండితునకు శాస్త్రములు తెలియును; కర్షకునకు పాటయు సామెతయు తెలియును. సంస్కృత సమాసములతో నిండిన చంపూకావ్యమును వ్రాసినచో పండితులు మెత్తురు, పామరులకు బోధపడదు. ఒక్కొక్కరి కొక్కొక్క గ్రంథము వ్రాయుట సాధ్యమా?

సోమనాథుడు పండితుల మెప్పునకై చూడక, జనులు పాడుకొను ద్విపదను చేపట్టెను. అందు పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. రెండేసి పాదముల జత. యతిప్రాసల వలన అది సులభముగా కంఠస్థమగును. అందరు నెరిగిన జానుతెనుగు పలుకులనే ఆయన కూర్చెను. కొద్ది అక్షరములలో పెద్ద అర్థము నిముడ్చుటయే కవికి నేర్పని ఆయన తలంపు. అందుచే ఒక్క పాదముననే చదివినవాడు లోతును గ్రహించెను. చదువురానివాడు కథను పాడుకొనెను.

ఏడాశ్వాసముల ఆ బసవపురాణమును 1369లో భీమకవి కన్నడీకరించెను. సోమనాథుని పండితారాధ్య చరిత్రమును ద్విపద కావ్యమే.

బాలలారా! ఎక్కువ తెలిసినవాడు తక్కువ తెలిసినవానిని మరువక పలికిన పలుకే చిరకాలము నిలుచును.